గోలకొండ నీడలో ఖండిత పాట

హైదరాబాదు పాతబస్తీలో ఫతే దర్వాజా ప్రాంతమున షా రాజు కత్తాల్ హుస్సేనీ అను సూఫీ గురువు దర్గా కలదు. నగరము చూడవచ్చినవారు చార్మినారు చెంత నిలిచి లాడ్‌బజారు గాజుల అంగళ్ల వైపునకు మరలుదురే గాని అంత దూరము నడచువారు తక్కువ. గోలకొండ చివరి ప్రభువు అబుల్ హసన్ కుతుబ్‌షా సింహాసనమెక్కక పూర్వము ఈ గురువు ఆశ్రయమున పెక్కు సంవత్సరములు గడిపెను. రామదాసు కథవలన తెలుగువారి యింటింట తానీషాగా తెలిసిన ప్రభువు ఆయనయే. గురువుగారికి అక్బర్ షా అను కుమారుడుండెను. బడే సాహెబు అని ఆయనకు వాడుక. ఈ సాధువు పేర వెలసిన గ్రంథమొకటి కలదనగానే అది భక్తిని గూర్చియో వైరాగ్యమును గూర్చియో అయి యుండునని ఊహింతుము. కాదు, అది శృంగారమంజరి. వలపును, అలుకను, ఎడబాటును, వంచనను విభజించి లక్షణములు చెప్పిన శాస్త్రగ్రంథము. మొదట తెలుగున పుట్టినది. పిమ్మట సంస్కృతమునకు మారినది. చింతామణి త్రిపాఠి చేతిలో వ్రజభాషను కూడ చేరినది.

సంస్కృత గ్రంథమును డాక్టరు వి. రాఘవన్ గారు పరిష్కరింపగా 1951లో హైదరాబాదు పురావస్తుశాఖ ప్రకటించినది. కోటగోడలను, సమాధులను, నాణెములను కాపాడు శాఖ ఒక నాయికాలక్షణ గ్రంథమును అచ్చు వేయించుట వింతగా తోచవచ్చును. మాకు మాత్రము అది సముచితముగనే తోచినది. గోలకొండ శిథిలములలో చార్మినారు వలె చేతికి తగులునది కాకున్నను, ఇదియు ఆ ప్రభుత్వము విడిచిపోయిన కట్టడమే.

అలంకారికులు నాయికలను ఎనిమిది అవస్థలుగా చెప్పిరి. అందు ఖండిత ఒకతె. రాత్రి యంతయు ఎదురు చూచినది, ప్రియుడు రాలేదు. తెల్లవారిన పిదప వచ్చెను. వచ్చుట వచ్చెను గాని, మరియొక ఇంట గడిపిన గురుతులు మేనిపై మోసికొని వచ్చెను. కన్నులు ఎఱ్ఱనైనవి, పెదవికి కాటుక అంటినది, ఎదపై ఎవతెయో పూసిన కుంకుమ. ఆ క్షణమున ఆమె నోరు తెరచి పలుకు మాటయే ఖండిత పాట. జయదేవుడు గీతగోవిందమున ఎనిమిదవ సర్గను ఈ ఘట్టమునకే కేటాయించెను. తెలుగు పదకర్తలు ఈ ఒక్క ఉదయమును తిరుగవేసి మరుగవేసి వందలకొలది పాటలు కట్టిరి. నమ్మకద్రోహమును గూర్చిన పాట ఏ దేశమున లేదు? ఐనను ఆ పాటకు ఇంతటి శాస్త్రము, ఇంతటి కొలువు, ఇంతటి గౌరవము దొరికిన చోట్లు అరుదు. అట్టి చోట్లలో మూసీ తీరము ఒకటి.

ఈ నగరము పుట్టుకకే ఒక వలపు కథను ముడివేసిరి. చిచలము గ్రామపు నర్తకి భాగమతిని మహమ్మద్ కులీ కుతుబ్‌షా ప్రేమించెననియు, ఆమె పేర నగరము వెలసెననియు చెప్పుదురు. హరూన్‌ఖాన్ షేర్వానీ గారి వంటి చరిత్రకారులు ఈ కథను అంగీకరింపలేదు. మేమిప్పుడు ఆ తగవులోనికి పోము. 1591లో నగరమును నెలకొల్పిన ఆ ప్రభువు దక్కనీ భాషలో పెద్ద కవి అనుట మాత్రము నిస్సందేహము. ఆయన కవితా సంపుటమును 1940లో డాక్టరు మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ గారు ప్రకటించిరి. అందు పన్నిద్దరు ప్రియురాండ్రను గూర్చిన గీతములు కలవు. స్త్రీ తనకు తానై పలుకునట్లు వ్రాసినవియు కలవు. పన్నిద్దరు ప్రియురాండ్రు గల రాజు విరహిణి నోట మాట్లాడుట చిత్రమే. ఆ పన్నిద్దరిలో ఒకతె కలము పట్టి యుండినచో ఆ సంపుటము మరొక తీరున నుండెడిది గదా యని మాకు పలుమారు తోచినది.

ఇక తెలుగు పదము మాట. కృష్ణా మండలమున మువ్వ గ్రామము. అక్కడి గోపాలస్వామిని ముద్రగా నిలిపికొని పదములు కట్టిన క్షేత్రయ్య 17వ శతాబ్దివాడు. 'వేడుకతో నడచుకొన్న' అను పదములో ఆయన తాను దర్శించిన కొలువులను తానే లెక్క చెప్పుకొనెను. మధుర తిరుమల నాయకుడు, తంజావూరు విజయరాఘవ నాయకుడు, గోలకొండ పాదుషా. పాదుషా కొలువున తులసీమూర్తి అనువానితో వాదమునకు దిగి నలువది దినములలో వేయికి మించిన పదములు చెప్పితినని ఆయన మాట. కాలమును బట్టి చూడగా ఆ పాదుషా 1626 నుండి 1672 వరకు ఏలిన అబ్దుల్లా కుతుబ్‌షా కావలెను. దినమునకు ఇరువదియైదు పదములు! కవి తన లెక్కను తానే చెప్పుకొన్నప్పుడు కొంత తరుగు తీసి వినుట శ్రోతల ధర్మము. ఆయన చెప్పిన వేలలో మనకు దక్కినవి నాలుగు వందలకు మించవు. ఐనను ఆ లెక్కలోని అసలు సంగతి వేరు. పారసీక భాష రాజభాషగా నుండిన కొలువున ఒక తెలుగువాడు తెలుగు పదములతో పందెము కట్టెను. ప్రభువు కూర్చుండి వినెను. తారామతి, ప్రేమామతి అను గాయనీ నర్తకులు ఆ ప్రభువు ఆదరమున వెలిగిరి. వారి గోరీలు రాజుల గోరీలు నిలిచిన ఆవరణలోనే నేటికిని కలవు.

క్షేత్రయ్య పదము యుగళగీతము కాదు. ఒక్కతె పాడును. ఐనను మేము దానిని సగము యుగళమని పిలుతుము. ఏలయన, రెండవవాడు ఎదుటనే నిలిచి యుండును. అతనికి పాట లేదు, అంతే. నాయిక పల్లవిలో ఒక ప్రశ్న వేయును. అనుపల్లవిలో ఆ ప్రశ్నకు పదును పెట్టును. ఒక్కొక్క చరణములో ఒక్కొక్క సాక్ష్యము చూపును. నీ మెడలోని హారము మనయింటిది కాదు, నీ మాట తడబడుచున్నది, నిన్న చెప్పిన నెపము నేడు మరచితివి. చరణము ముగిసినంతనే పల్లవి మరల వచ్చును. పల్లవి మాటలు మారవు, అర్థము మారును. మొదటిసారి అది నిజముగా అడిగిన ప్రశ్న. రెండవసారి ఎత్తిపొడుపు. మూడవసారి తీర్పు. పదము మిక్కిలి విలంబముగా సాగుట కూడ ఇందులకే. తొందరపడు నాలుక నుండి ఈ మాటలు రావు. రాత్రి యంతయు కూర్చి పెట్టుకొన్న మాటలివి.

అభినయము చేయునామె అతని మౌనమును కూడ తానే ఆడును. అతడు చూపు తప్పించును, నవ్వి పోగొట్ట జూచును, చేయి పట్ట వచ్చును. ఆమె వెనుకకు జరుగును. ఇన్నియు ఒక్క దేహమున జరుగును. చూచువారిలో రాజుండెను, మంత్రులుండిరి, బహుభార్యలు గల ప్రభువర్గము సమస్తము ఉండెను. వారందరును ఆ నిలదీతను శిరఃకంపముతో మెచ్చుకొని యిండ్లకు మరలి యుందురు. మెచ్చుకొనుట వేరు, తల వంచుకొనుట వేరు.

రెండవ గొంతు నిజముగా వినవలెనన్నచో భామాకలాపము వద్దకు రావలెను. సిద్ధేంద్రయోగి కాలమును గూర్చి పండితులలో ఏకాభిప్రాయము లేదు. కూచిపూడి అగ్రహారమును ఆ భాగవతులకు తానీషాయే ఇచ్చెనని సంప్రదాయము చెప్పును. బందరు వైపు పయనములో ఆ గ్రామమున విడిది చేసి వారి ఆట చూచి సంతసించెనని కథ. 1763 నాటి భాగపత్రము వలన అగ్రహారమును అనుభవించిన కుటుంబముల సంగతి మనకు తెలియుచున్నది. మూడు మతములవారు, నాలుగు భాషలవారు కూడిన కొలువుకూటమును ఏలిన ప్రభువు సత్యభామ అలుకను చూచి ఊరు దానము చేసెననుకొనుట తెలుగువారికి ఇంపైన తలపు. సూఫీ గురువు కుమారుడు తెలుగున నాయికాశాస్త్రము వెలయించిన ఆ దినములలో అది అసంభవమనియు మేమనుకొనము.

భామాకలాపమున సత్యభామ తెరపై జడ వేసి ప్రవేశించును. తనకు సాటి ఎవరని అడుగు జడ అది. నిలువుటద్దము ముందు రేగిన చిన్న తగవు వలన కృష్ణుడు ఆమెను విడిచి పోయెను. పోయినవాడు ఎక్కడ నున్నాడో ఆమెకు తెలియును. రుక్మిణి యింట. ఇక్కడ మాధవి వచ్చును. ఈ మాధవి పాత్రను సూత్రధారుడే ధరించును. కథ నడుపువాడే చెలికత్తె యగును, గేలి చేయువాడగును, ఊరి నోరు కూడ తానే యగును. ఇక ఇద్దరికిని సంవాదము. మగని పేరు చెప్పుటకు భామ సిగ్గుపడును; చెప్పనిదే కదలనని మాధవి భీష్మించును. అలిగి యేల వెళ్లగొట్టితివని మాధవి. వెళ్లగొట్టలేదు, వెళ్లినాడని భామ. తప్పెవరిది అను ఆ ప్రశ్న రాత్రి యంతయు ఇటునుండి అటు, అటునుండి ఇటు బంతివలె ఎగురును. తరువాత రుక్మిణితో సవతుల తగవు. ఆ తగవులో వినవచ్చు ఎత్తిపొడుపులు కావ్యభాషలోనివి కావు. మన వీధి నూతి కడ వినినవే. చిన్ననాట తాటాకు పందిరి క్రింద కునికిపాట్లు పడుచు ఈ ఆట చూచిన మాకు, ఆ ఘట్టము రాగానే పెద్దముత్తయిదువలందరు ఒక్కసారి నిదుర విదిల్చుకొని ముందుకు జరుగుట ఇంకను కన్నులకు కట్టినట్లున్నది.

భామ వేషము వేసినది పురుషుడు. వేదాంతం సత్యనారాయణశర్మగారు ఆ వేషముననే దేశమెల్ల ఎఱుకపడి 1961లో సంగీత నాటక అకాడమీ పురస్కారమును, 1970లో పద్మశ్రీని పొందిరి. మగవాని ద్రోహమును మగవాడే ఆడుదానియై నిలదీయుటలో ఒక సొగసు కలదు. ఒక లోపమును కలదు. గోదావరి మండలములలో ఇదే కలాపమును కలావంతులు ఆడిరి. వారి నోట వచ్చిన సత్యభామ మరొక సత్యభామ. ఆమెకు అలుక ఒక పాత్ర కాదు. కులవృత్తిలో ప్రతిదినము చూచిన సంగతి.

గృహిణులకు పాట లేదా? కలదు. అరుగుల మీద, దంపుళ్ల కడ వారు పాడుకొన్న రామాయణపు పాటలలో ఊర్మిళాదేవి నిద్ర అను పాట కలదు. పదునాలుగేండ్ల పిమ్మట లక్ష్మణుడు వచ్చి లేపగా ఆమె అతనిని గుర్తింపక పరపురుషుడని భయపడును. పరాంగనను కోరిన ఇంద్రునకు, రావణునకు ఏమి జరిగినదో అతనికే పాఠము చెప్పును. మగడు తన పేరు తాను చెప్పుకొని నమ్మింపవలసి వచ్చును. తప్పులేనిచోట తప్పును శంకించి నడచిన సంవాదమిది. పదునాలుగేండ్లు నిదురించినను ఆమె మెలకువ తప్పలేదనుటకు స్త్రీలు ఈ ఘట్టమును కల్పించుకొనిరని మా ఊహ. పాతబస్తీ ముస్లిము కుటుంబముల పెండ్లిండ్లలో ఆడువారు ఢోలక్ చేతబట్టి దక్కనీలో పాడు పాటలదియు ఇదే త్రోవ. అత్తను, ఆడుబిడ్డను, వియ్యపురాలిని, సవతిని అందు నవ్వుచు నవ్వుచు కడిగివేయుదురు. మగవారు ఆ గదిలో నుండరు. ఉండరనియే అంత నిర్భయముగా పాడుదురు.

కొలువులలో పాడినవారి చరిత్ర ఇంత హాయిగా సాగలేదు. 1687లో గోలకొండ ఔరంగజేబు వశమైనది. తానీషా దౌలతాబాదు కోటలో బందీ అయ్యెను. పదము దక్షిణమునకు తరలి తంజావూరున స్థిరపడెను. అచ్చట 18వ శతాబ్దిలో ప్రతాపసింహుని ఆస్థానమున ముద్దుపళని రాధికాసాంత్వనము రచించెను. తాను పెంచిన ఇళాదేవిని కృష్ణునకిచ్చి తానే అసూయతో వేగిపోవు రాధ కథ అది. క్షేత్రయ్య పురుషుడై స్త్రీ గొంతున పాడగా, ఈమె స్త్రీయై స్త్రీ గొంతున పాడెను. పురుషుడు పాడినప్పుడు రసమైనది స్త్రీ వ్రాసినప్పుడు రోతయైనది. కందుకూరి వీరేశలింగం పంతులుగారంతటివారు ఆమెను కఠినముగా గర్హించిరి. బెంగుళూరు నాగరత్నమ్మగారు 1910లో గ్రంథమును పూర్ణపాఠముతో ప్రకటింపగా ఆంగ్లప్రభుత్వము దానిని నిషేధించినది. స్వాతంత్ర్యము వచ్చు దినములలో టంగుటూరి ప్రకాశం పంతులుగారి వలన ఆ నిషేధము తొలగెను. 1952లో మరల అచ్చుపడెను. వీరేశలింగంగారు వితంతువులకు చేసిన మేలును ఎవరు మరతురు? ఐనను ఈ విషయమున వారి చెవికి ఆ పాట చేరలేదని చెప్పక తప్పదు.

1947లో మద్రాసు రాష్ట్రమున దేవదాసీ చట్టము వచ్చినది. బాలికలను దేవాలయములకు అర్పించు ఆచారము తొలగుట మేలే. ఆ ఆచారముతోపాటు దాని నాశ్రయించి బ్రతికిన విద్యయు నిలువ నీడ కోల్పోయినది. అదే దశాబ్ది చివర సర్దార్ పటేలు సమాచార మంత్రిగా నుండగా, నడవడి లోకనిందకు పాత్రమైనదని భావింపబడిన గాయనులకు ఆకాశవాణి తలుపులు మూసిరి. ఏండ్ల తరబడి ఆ పాటను గొంతున మోసినవారే పాడుటకు తగనివారైరి. తెలుగు పదము అప్పటికి తమిళదేశమున వీణ ధనమ్మాళ్ ఇంట బ్రతుకుచుండెను. ఆమె 1938లో కాలము చేసెను. మనుమరాండ్రు బృంద, బాలసరస్వతి, ఒకరు గానమున, ఒకరు అభినయమున, ఆ సొత్తును కాపాడిరి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, విస్సా అప్పారావు గార్ల వంటివారు పదములకు పండితలోకమున గౌరవము చేకూర్చిరి. మన మాటను మనకు పొరుగింటివారు దాచి తిరిగి యిచ్చిరి. కొన్ని పదములను మాత్రము ఘాటు తగ్గించి, ద్రోహమును ఆధ్యాత్మికముగా అన్వయించి, జీవాత్మ పరమాత్మల అలుకగా వినిపించు వాడుక ప్రబలినది. ఆ అన్వయము అసత్యమని మేమనము. ఐతే జీవాత్మకు పరమాత్మ పెదవిపై కాటుక కనబడదు.

దూరదేశమున కూడ రేడియోకు ఇట్టి చిక్కే వచ్చినది. అమెరికాలో పల్లెపాటల నుండి పెరిగిన కంట్రీ సంగీతమును 1925లో నాష్‌విల్ రేడియోలో ఆరంభమైన 'గ్రాండ్ ఓల్ ఆప్రీ' ప్రసారము ఇంటింటికి చేర్చినది. 1949లో ఫ్లాయిడ్ టిల్‌మన్ 'స్లిప్పిన్ అరౌండ్' అను పాట వ్రాసెను. వేర్వేరు చోట్ల కట్టుబడి యుండి చాటుగా కలిసికొను ఇద్దరి మాట అది. మార్గరెట్ వైటింగ్, జిమ్మీ వేక్లీ దానిని యుగళముగా పాడగా ఆ దేశమెల్ల మ్రోగినది. 1971లో లొరెట్టా లిన్, కాన్వే ట్విటీ కలిసి పాడిన 'ఆఫ్టర్ ది ఫైర్ ఈజ్ గాన్' ఆ త్రోవలో మేటి యని చెప్పుదురు. వారి యుగళములకును మన కలాపమునకును ఒక భేదము మాకు తోచినది. అచ్చట తప్పు చేయుచున్న ఇద్దరును గొంతు కలిపి తమ బాధ చెప్పుకొందురు. ఇంట కాచుకొని యున్న ఆమెకు ఆ పాటలో చోటు లేదు. ఇచ్చట మొదటి గొంతు ఆమెదే. వంచించినవాడు ఆమె అనుమతించిన మేరకే మాటాడును.

అచ్చట కూడ స్త్రీ బదులు పలికినప్పుడే కలకలము రేగినది. 1952లో హాంక్ థాంప్సన్ తనను విడిచి విందుశాలల పాలైన స్త్రీని నిందించుచు పాడిన పాట మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది. ఆ ఏటనే కిటీ వెల్స్ అను గృహిణి దానికి జవాబు పాడెను. ఆడువారు చెడినచో దానికి మగవారి బూటకములును కారణమని ఆ జవాబు సారము. మొదటి పాటకు రాని అభ్యంతరము రెండవదానికి వచ్చినది. ఎన్.బి.సి. ప్రసారసంస్థ దానిని వినిపింపనన్నది. ఆప్రీ వేదికయు కొంతకాలము వెనుదీసినది. ఐనను జనులు ఆ పాటనే కంట్రీ గీతముల పట్టికలో అగ్రస్థానమున నిలిపిరి. ఒంటిగా పాడి అట్టి స్థానము పొందిన తొలి గాయని ఆమెయే. ముద్దుపళని కథ తెలిసిన మనకు ఇందు క్రొత్త యేమియు లేదు.

భామాకలాపములో మాకు మిక్కిలి ఇష్టమైన ఘట్టమొకటి చెప్పి విరమింతుము. సత్యభామ కృష్ణునకు లేఖ వ్రాయును. ఎంత అభిమానవతియైనను చివరకు వ్రాయును. లేఖ కొనిపోవుటకు మాధవి కూలి అడుగును. భామ తన నగలను ఒక్కొక్కటిగా చూపును. మాధవికి అవేవియు వలదు, ముక్కెర కావలెను. ముక్కెర ముత్తయిదువ గురుతు. తీసి యిచ్చుటకు భామకు చేయి రాదు. మగడు పోయినాడని ఏడ్చుచునే మగనాలి గురుతును వదలుకోలేని ఆ తడబాటుపై సూత్రధారుడు చాలసేపు నవ్వించును. తుదకు ఆమె ఇచ్చును. ముక్కెర చేతబడిన పిదపనే మాధవి కదలును.